కాకుల గుంపు ‘మర్డర్’ ఎలా అయింది?

సంక్షిప్తంగా: జంతువుల గుంపులకు ఇంగ్లిష్‌లో ఉన్న పేర్లన్నీ ఒక కోవకు చెందినవి కావు. కొన్ని కాపరులు, జాలరులు, వేటగాళ్లు రోజూ పనిలో వాడిన మాటలు. చాలావరకు 15వ శతాబ్దపు జాబితాల్లో పుట్టి, అక్కడి నుంచి మరో జాబితాలోకి నకలవుతూ వచ్చినవి. ఇంకొన్ని ఈమధ్య సరదాకి కట్టినవి. ఈ మూడింటినీ కలిపి ఒకే పట్టికలో అచ్చు వేయడం వల్లే చదివేవారికి తికమక.

గ్రామర్ పుస్తకాల చివరి పేజీల్లో, క్విజ్ పోటీల్లో, ఫోన్లలో తిరిగే చిట్టాల్లో ఒక పట్టిక తరచూ కనిపిస్తుంది. సింహాలైతే ప్రైడ్, చేపలైతే స్కూల్, కాకులైతే మర్డర్, గుడ్లగూబలైతే పార్లమెంట్, ఫ్లెమింగోలైతే ఫ్లాంబాయెన్స్. బట్టీ పట్టినవారికి మార్కులొస్తాయి. కానీ ఇంగ్లిష్ సినిమాలు చూసినా పేపర్లు చదివినా కాకుల గుంపును మర్డర్ అని మామూలుగా పిలిచినవారు కనబడరు. ఫ్లాక్ అనో, అదీ కాకపోతే ‘చాలా కాకులు’ అనో సరిపెట్టుకుంటారు. మరి పట్టిక అబద్ధమా, లేక మాట్లాడేవాళ్లకే ఇంగ్లిష్ రాదా?

రెండూ కాదు. తేడా పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. జంతువు పేరు తీసేసి, గుంపు పేరు ఒక్కదాన్నే వాక్యంలో పెట్టి చూడాలి. అడవి గురించిన కబుర్లలో ‘ద ప్రైడ్ వాజ్ ఎస్లీప్’ అంటే సింహాలు పడుకున్నాయని అర్థమైపోతుంది. ‘ద హెర్డ్ మూవ్డ్ ఆన్’ అన్నా ఇబ్బంది లేదు. ‘ద మర్డర్ ఫ్లూ అవే’ అనండి, వినేవాడు నోరెళ్లబెడతాడు. హత్య ఎగిరిపోవడమేమిటి? పక్కన ‘ఆఫ్ క్రోస్’ అనే ఊతకర్ర ఉంటే తప్ప ఆ మాట నిలబడలేదు. ప్రైడ్, హెర్డ్, ఫ్లాక్, ప్యాక్, స్వార్మ్ సొంత కాళ్ల మీద నిలబడే మాటలు. మర్డర్, ఫ్లాంబాయెన్స్ లాంటివి ఎప్పుడూ జంతువు పేరుతో జతగానే, అదీ ఎక్కువగా ‘దీన్ని ఏమంటారో తెలుసా’ అనే ప్రశ్నకు జవాబుగానే కనిపిస్తాయి.

1486లో అచ్చయిన జాబితా

ఇంగ్లండ్‌లోకి అచ్చుయంత్రం వచ్చింది 1476లో, విలియం కాక్స్‌టన్‌తో. పదేళ్లు తిరిగేసరికి లండన్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ పట్టణంలోని ఒక ముద్రాపకుడు పెద్దమనుషుల కోసం ఒక పుస్తకం తీశాడు. డేగలతో వేటాడడం, జంతువుల వేట, వంశచిహ్నాల వివరణ అందులో విషయాలు. తర్వాతివాళ్లు దాన్ని ‘బుక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్’ అన్నారు. డేమ్ జూలియానా బర్నర్స్ అనే సన్యాసిని రాసిందని ప్రతీతి. వేట భాగం చివర ఆ పేరు ఉన్న మాట నిజమే. అంతకు మించి ఆమె గురించి చెప్పుకునే కథలకు ఆధారాలు లేవు.

ఆ వేట భాగం వెనకే ‘మృగాల, పక్షుల సమూహాలు’ అన్న అర్థం వచ్చే శీర్షిక కింద నూట అరవైకి పైగా పదబంధాలు వరసగా ఉంటాయి. ప్రైడ్ ఆఫ్ లయన్స్ అందులోదే. లార్క్ పిట్టలకు ఎగ్జాల్టింగ్, రేవెన్ అనే పెద్ద కాకులకు అన్‌కైండ్‌నెస్, స్టార్లింగ్‌లకు మర్మరేషన్ కూడా ఆ వరసలోవే. ఇది తొలి జాబితా కూడా కాదు. ఇలాంటివి అంతకుముందే రాతప్రతుల్లో తిరిగాయి. కాకుల మర్డర్ ఆ శతాబ్దపు జాబితాల్లోనే తొలిసారి కనిపిస్తుంది. తర్వాత దాదాపు మరుగున పడి, మళ్లీ 20వ శతాబ్దంలో లేచి వచ్చింది.

శీర్షిక నమ్మి లోపలికి వెళ్తే మృగాలూ పక్షులతో పాటు మనుషులూ దర్శనమిస్తారు. సన్యాసినులకు ‘సూపర్‌ఫ్లూయిటీ’, అంటే అవసరానికి మించి ఉన్నవాళ్లని. భార్యలకు ‘నాన్‌పేషెన్స్’, అంటే ఓర్పులేమి. జడ్జీలకు ‘సెంటెన్స్’. చెప్పులు కుట్టేవాళ్లకు తాగుబోతుతనం. బాతుల జాతి గీస్‌కు ఇచ్చిన ‘గ్యాగిల్’ అనే మాటనే ఆడవాళ్లకూ ఇచ్చారు, ఇద్దరిదీ కలకలమేనన్న వెటకారంతో. సన్యాసినులు ఎక్కువైపోయారని గంభీరంగా సమూహనామం పెట్టేవారెవరూ ఉండరు. అంటే తొలినాటి నుంచీ ఈ జాబితాలో సగం నిఘంటువు, సగం హాస్యం. ఐదు వందల ఏళ్ల తర్వాత దాన్ని వ్యాకరణ నియమంగా చదవడంలోనే చిక్కంతా ఉంది.

మాటను బట్టి మనిషి అంతస్తు

వేటకు ఇన్ని మాటలు అవసరమా అంటే, వేటకు అవసరం లేదు, వేటాడే వర్గానికి అవసరం. 1066 తర్వాత ఇంగ్లండ్‌ను ఏలిన నార్మన్ దొరలకు వేట ఒక హోదా. దాని పరిభాషలో చాలా భాగం ఫ్రెంచ్ నుంచి దిగింది. మగ ఎర్రజింకనే తీసుకుంటే, సెయింట్ ఆల్బన్స్ పుస్తకం దానికి ఏడాదికొక పేరు చెబుతుంది. మొదటి ఏడు కాఫ్, రెండో ఏడు బ్రాకెట్, మూడో ఏడు స్పేయడ్, నాలుగో ఏడు స్టాగ్, ఐదో ఏడు గ్రేట్ స్టాగ్, ఆరో ఏడు వస్తేనే హార్ట్. దాని అడుగుజాడకు ఒక మాట, పెంటికకు ఇంకో మాట. అదే పెంటిక కుందేలుదైతే, నీటికుక్కదైతే మళ్లీ వేర్వేరు మాటలు. వండిన పక్షిని బల్ల మీద కోయడానికీ పక్షికొక క్రియ ఉంది.

ఇవన్నీ తెలిసినవాడు పెద్దింటి బిడ్డ, తడబడినవాడు కాదు. ఇది ఊహ కాదు. 1485లో కాక్స్‌టన్ అచ్చువేసిన థామస్ మాలొరీ ఆర్థర్ రాజు గాథలో, వేట మాటలను నేర్పినందుకు సర్ ట్రిస్ట్రమ్‌కు పెద్దమనుషులంతా రుణపడి ఉండాలని ఉంది. ఎందుకంటే ఆ మాటల వల్లే ఎవరు దొరో, ఎవరు మామూలు రైతో, ఎవరు అంతకన్నా కిందివాడో విడదీసి చెప్పవచ్చట. మరుసటి ఏడు వచ్చిన సెయింట్ ఆల్బన్స్ పుస్తకం కూడా ట్రిస్ట్రమ్ పేరు చెప్పుకునే పాఠం మొదలుపెడుతుంది. పుట్టుకతో ఈ మాటలు రానివారూ, డబ్బు చేతికొచ్చి పెద్దరికం కోరుకునేవారూ కొని చదువుకునే పుస్తకమన్నమాట. అలాంటి పుస్తకానికి జాబితా ఎంత పొడుగుంటే అంత గిరాకీ.

గుంపు పేర్లు కాని గుంపు పేర్లు

1909లో జాన్ హాడ్జ్‌కిన్ అనే పరిశోధకుడు ఈ జాబితాను ఒక్కో పదంగా విప్పి చూశాడు. ఆయన తేల్చినదాని ప్రకారం వీటిలో చాలా పదాలు సమూహాన్ని చెప్పేవే కావు. ఆ జంతువు గురించి మాట్లాడేటప్పుడు వాడాల్సిన సరైన మాటలు మాత్రమే. అది చేసే పని కావచ్చు, కూత కావచ్చు, ఈనడం కావచ్చు.

నీటి ఒడ్డున నిలబడిన కొంగకు జాబితాలో ఉన్న మాట ‘సీజ్’. చేప కోసం ఒంటికాలి మీద కదలకుండా కొంగ కాపు కాసే చోటు అని దాని అర్థం. అలా కాపు కాసేటప్పుడు కొంగ సాధారణంగా ఒంటరిగానే ఉంటుంది. అయినా పట్టికల్లో అది కొంగల గుంపు అయి కూర్చుంది. చిరుతపులులకు ‘లీప్’ అంటే దూకడం. పందికొక్కులా నేల తవ్వుకుంటూ పోయే మోల్‌కు ‘లేబర్’ అంటే చాకిరీ. పిల్లికూనలకు ‘కిండిల్’ అంటే ఈనడం, పాత ఇంగ్లిష్ క్రియ. వుడ్‌కాక్ పక్షులకు ‘ఫాల్’ అనేది వలస వచ్చి దిగడాన్ని గుర్తుచేస్తుంది. పనిని చెప్పే ఈ మాటలకు ముందు ‘ఎ’, వెనక ‘ఆఫ్’ తగిలించి ఒకే మూసలో పోయడంతో అన్నీ గుంపు పేర్లలాగే కనబడడం మొదలైంది. మూసే అర్థాన్ని మార్చేసింది.

మాట ఉంది, అర్థం జారిపోయింది

జాబితాలో ఇరుక్కున్న మాట వాడుకలో అరగదు. బయట భాష మారిపోతుంటే అది మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే ఈనాటి పాఠకుడు వీటిని చదివి వేరే బొమ్మ ఊహించుకుంటాడు.

ఎలుగుబంట్లకు ‘స్లూత్’ అని పట్టికలు చెబుతాయి. ఇప్పుడు స్లూత్ అంటే డిటెక్టివ్. ఎలుగులు టార్చిలైట్ పట్టుకుని ఆధారాలు వెతుకుతున్న కార్టూన్లు కూడా వచ్చాయి. 15వ శతాబ్దంలో ఆ మాటకు అర్థం మాంద్యం, బద్ధకం. ఈనాటి ‘స్లాత్’ దాని మరో రూపమే. గోల్డ్‌ఫించ్ పిట్టల ‘చార్మ్’ అందమూ కాదు, మంత్రమూ కాదు. చాలా పిట్టలు ఒక్కసారి కిచకిచలాడితే వచ్చే కలగాపులగపు ధ్వనికి ‘చర్మ్’ అనేవారు, అదే ఇలా తిరిగింది. కోతులకు ఇచ్చిన ‘ష్రూడ్‌నెస్’ ఆనాడు చురుకైన తెలివి కాదు, పక్కా దుడుకుతనం.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది చేపల ‘స్కూల్’. బడికీ దీనికీ చుట్టరికమే లేదు. బడి అనే స్కూల్ గ్రీకు నుంచి లాటిన్ మీదుగా వచ్చింది. చేపల స్కూల్ డచ్చివాళ్ల ‘స్కోలె’ నుంచి, అంటే గుంపు అనే అర్థం నుంచి వచ్చింది. ‘షోల్’ దీనికి తోబుట్టువు లాంటి మాట. చేపలు బడికెళ్లే బొమ్మతో పిల్లలకు ఈ పదం గుర్తుండిపోవచ్చు కానీ చరిత్ర మాత్రం వలల దగ్గరిది.

నకలు రాసేవాళ్ల చేతిలో జరిగింది ఇంకా విచిత్రం. సెయింట్ ఆల్బన్స్ పుస్తకంలో ఫెర్రెట్‌లకు ‘బెసినెస్’ అని ఉంది. ఎప్పుడూ తీరిక లేకుండా అటూ ఇటూ తిరిగే జంతువు కాబట్టి బిజీతనం అని. తర్వాతి నకళ్లలో తొలి అక్షరం తప్పు చదివి ‘ఫెసినెస్’ చేశారు. అది ‘ఫెస్నింగ్’ అయింది. చివరికి ‘ఫీమింగ్’ అనే, ఏ ఇంగ్లిష్ మనిషి నోటా ఎన్నడూ పలకని పదం పెద్ద నిఘంటువుల దాకా వెళ్లి కూర్చుంది. ఈ గొలుసును 1967లో పదక్రీడల రచయిత డిమిట్రీ బోర్గ్‌మన్ బయటపెట్టాడు. మాట్లాడేవాళ్లు ఒక్కరున్నా ఈ తప్పు మొదట్లోనే దొరికిపోయేది. దొరకలేదంటేనే ఆ మాట కాగితం మీద తప్ప ఎక్కడా బతకలేదని అర్థం.

కొత్తగా చేరిన పేర్లు

పార్లమెంట్ ఆఫ్ ఔల్స్ చాలా పాతదని అనిపిస్తుంది. గుడ్లగూబకు ఇది 20వ శతాబ్దంలో అంటుకున్న పేరు. 14వ శతాబ్దపు కవి చాసర్ పక్షులన్నీ కొలువు తీరే కావ్యానికి పార్లమెంట్ అన్న మాట వాడాడు. 1953లో సి.ఎస్. లూయిస్ పిల్లల నవలలో ఒక అధ్యాయానికి ఆ పేరునే గుడ్లగూబల వైపు తిప్పి పెట్టాడు. 1968లో జేమ్స్ లిప్టన్ పాత జాబితాలను తవ్వి తీసి, సొంతంగా అల్లినవీ కలిపి ‘ఎన్ ఎగ్జాల్టేషన్ ఆఫ్ లార్క్స్’ ప్రచురించాక ఇది ఇంటింటి ఆటగా మారింది. ఆఫ్రికా జంతువుల్లో చాలావాటికి 15వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో పేరే లేదు, ఇక గుంపు పేరెక్కడిది? ఖడ్గమృగాల క్రాష్, జీబ్రాల డాజిల్, జిరాఫీల టవర్ అన్నీ ఆధునిక చమత్కారాలే. చమత్కారంగా అవి బాగానే ఉన్నాయి. చూపు మసకైన ఖడ్గమృగాలు దూసుకొచ్చే తీరుకు క్రాష్‌ను మించిన మాట దొరకడం కష్టం. కాకపోతే పరీక్ష పేపర్లో దీన్నీ హెర్డ్‌నూ ఒకే గాటన కట్టి, ఫలానాది రాస్తేనే మార్కు అనడం న్యాయం కాదు.

క్రియ ఏకవచనమా బహువచనమా అనేది పక్కన వచ్చే మరో సందేహం. అమెరికాలో గుంపును ఒకటిగా లెక్కించి ‘ఈజ్’ వాడడం ఎక్కువ. బ్రిటన్‌లో గుంపులోని ప్రాణులు మనసులో ఉంటే ‘ఆర్’ కూడా వాడతారు. తెలుగులోనూ ఇలాంటి చీలికే ఉంది. ఏనుగుల గుంపు ‘వచ్చింది’, జనం మాత్రం ‘వచ్చారు’.

సంస్కృతం ఒక దారి, తెలుగు ఇంకో దారి

గుంపులకు విడివిడి పేర్లు పెట్టడం ఇంగ్లిష్ వాళ్ల సొత్తేమీ కాదు. అమరకోశం సింహాదివర్గంలో ‘కాపోత శౌక మాయూర తైత్తిరాదీని తద్గణే’ అని ఉంది. కపోతాల గుంపు కాపోతం, శుకాల గుంపు శౌకం, మయూరాలది మాయూరం, తిత్తిరి పక్షులది తైత్తిరం. ఏనుగుల గుంపుకు హాస్తికం ఉంది. పైకి చూస్తే ఇంగ్లిష్ పట్టికకు అన్నలా ఉంది. పనితీరు మాత్రం పూర్తిగా వేరు. సంస్కృతంలో జంతువు పేరుకే తద్ధిత ప్రత్యయం చేరి, మొదటి అచ్చు మారి, గుంపు పేరు తయారవుతుంది. సూత్రం తెలిస్తే బట్టీ పట్టక్కరలేదు. ఇంగ్లిష్ జాబితాలో ప్రతి మాటా విడి రూపకం, దాన్ని పట్టుకోవడానికి సూత్రమంటూ లేదు.

ఆ వర్గంలోనే మరో ముచ్చట ఉంది. ‘పశూనాం సమజోఽన్యేషాం సమాజః’ అంటాడు అమరసింహుడు. పశువుల గుంపు సమజం, తక్కినవారి గుంపు సమాజం. ఒక్క దీర్ఘం తేడా. సభలూ సంఘాలూ పెట్టుకునే సమాజం అనే మాట, పశువుల మందకు కూతవేటు దూరంలో ఉన్న మాటే.

తెలుగు జంతువును చూసి కాకుండా, గుంపు ఎలా ఉందో చూసి పేరు పెడుతుంది. వరసగా కదిలితే బారు. అది చీమలదైనా కావచ్చు, ఆకాశంలో కొంగలదైనా కావచ్చు. దండెత్తి వచ్చినట్టుంటే దండు, మిడతలకు అదే స్థిరపడింది. అదుపు లేకపోతే మూక. కోతులకు ఎంత సరిపోతుందో అల్లరిచిల్లరగాళ్లకూ అంతే సరిపోతుంది. మంద అన్నచోట ఎక్కువగా కాపరి నీడ ఉంటుంది, అందుకే గొర్రెలకూ ఆవులకూ ఆ మాట బాగా అతుకుతుంది. నాలుగైదు మాటలతో జంతు ప్రపంచమంతా సర్దుకుపోతుంది. నిజానికి ఇంగ్లిష్ వాడుక కూడా ఇలాగే నడుస్తుంది. ఫ్లాక్, హెర్డ్, ప్యాక్, స్వార్మ్, కాలనీ తెలిస్తే రోజువారీ అవసరాల్లో దాదాపు అన్నీ తీరిపోతాయి.

పరిశోధకుల చేతిలో పడిన మాటలు

కొన్ని మాటలు జాబితా దాటి బయటికొచ్చి కొత్త ఉద్యోగంలో చేరాయి. జంతుశాస్త్రంలో ప్రైడ్ అంటే ఏవో నాలుగు సింహాలు ఒకచోట ఉండడం కాదు. ఒకే వంశపు ఆడ సింహాలు, వాటి పిల్లలు, వాటిని అంటిపెట్టుకున్న కొద్ది మగ సింహాలు ఉన్న స్థిరమైన కుటుంబం. కేవలం మగ సింహాలు జట్టు కట్టి తిరిగితే దాన్ని ‘కోలిషన్’ అంటారు. తోడేళ్ల ప్యాక్ కూడా సాధారణంగా తల్లీతండ్రీ పిల్లలున్న ఒక కుటుంబమే. ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో కిల్లర్ వేల్స్‌ను ఫొటోల ద్వారా ఒక్కొక్కటిగా గుర్తించే పని 1970లలో మొదలయ్యాక, పాడ్ అనే మాట లెక్కల పుస్తకానికెక్కింది. జె పాడ్, కె పాడ్, ఎల్ పాడ్ అని అక్కడ మూడు గుంపులను నేటికీ అవే పేర్లతో పిలుస్తారు.

షోల్, స్కూల్ అనే తోబుట్టువులకైతే శాస్త్రం పని పంచి ఇచ్చింది. చేపలు సహవాసం కోసం ఒకచోట ఉంటే షోల్. అవే ఒకే దిక్కుకు తిరిగి, ఒకే వేగంతో, ఒక్క శరీరంలా ఈదితే స్కూల్. మేత మేస్తూ చెల్లాచెదురుగా ఉన్న షోల్, వేటాడే చేప నీడ కనబడగానే క్షణంలో స్కూల్‌గా మారిపోవచ్చు. ఇక్కడ మాట తప్పితే విషయమే తప్పుతుంది.

మర్మరేషన్‌ది అన్నిటికంటే ఆసక్తికరమైన ప్రయాణం. గోరువంకల కుటుంబానికి చెందిన స్టార్లింగ్ పక్షులు శీతకాలపు సాయంత్రాల్లో వేలకు వేలు లేచి, పొగమేఘంలా సాగుతూ, మెలితిరుగుతూ, ఒక్కసారిగా గూటిచెట్ల మీదకు జారిపోతాయి. 1486 జాబితా ఆ మాటను పెట్టింది ఈ నాట్యాన్ని చూసి కాదు, చాలా గొంతుకలు కలిసిన గుసగుసను విని. శతాబ్దాల పాటు అది జాబితాలోనే పడి ఉంది. రోమ్ నగరంలో ఈ గుంపులను ఒకేసారి పలు కెమెరాలతో చిత్రించిన భౌతికశాస్త్రజ్ఞులు 2008లో ఒక సంగతి ప్రకటించారు. ఒక్కో పక్షి దూరాన్ని కొలుచుకోదు, తనకు దగ్గరగా ఉన్న ఆరేడు పక్షులను మాత్రమే గమనిస్తూ కదులుతుంది. గుంపు చిక్కబడినా పలచబడినా ఆ సంఖ్య మారదు. అందుకే డేగ దూసుకొచ్చి చీల్చినా గుంపు మళ్లీ అతుక్కుంటుంది.

ఈలోగా వీడియోలు ఊరూరా పాకాయి. చూసినవాళ్లకు ఆ కదలికకు ఒక పేరు కావలసి వచ్చింది, ఫ్లాక్ చాలలేదు. ఇప్పుడు పక్షి ప్రేమికులు ‘లాస్ట్ నైట్స్ మర్మరేషన్’ అంటే, వెనక ‘ఆఫ్ స్టార్లింగ్స్’ తగిలించకపోయినా అవతలివారికి అర్థమవుతోంది. మర్డర్‌కు ఆ ఊతకర్ర ఇంకా తప్పలేదు.